ఈశ్వరుని సర్వజ్ఞత్వము – జీవుని కర్తృత్వము

పాండవగీతయనియు, ప్రపన్నగీతయనియు పిలువబడు స్తోత్రసంకలనము దక్షిణదేశమున పెక్కు గృహములందు పారాయణము చేయబడుచున్నది. అందు భారతపాత్రలు ఒక్కొక్కరుగా వచ్చి ఒక్కొక్క శ్లోకము చెప్పుదురు. దుర్యోధనుని వంతు వచ్చినప్పుడు ఆతడు చెప్పునది వినువారిని ఒక్క క్షణము నిలువరించును. ధర్మమేదియో తనకు తెలియును, కాని దానియందు ప్రవృత్తి కలుగుట లేదు. అధర్మమేదియో తెలియును, కాని దానినుండి మరలుట లేదు. హృదయమున నెలకొన్న ఏదో దేవత ఎట్లు నియోగించిన అట్లు చేయుచున్నాడు. ఇది ఆతని మాటల సారాంశము.

ఇది భక్తుని మాటయా? అపరాధి మాటయా? మాట ఒక్కటియే. ద్రౌపదిని సభకు ఈడ్పించిన వాడు ఈ మాట చెప్పినచో అది తప్పించుకొనుటకు వెదకిన దారియగును. సర్వమును భగవంతునికి అర్పించిన వాడు చెప్పినచో అది శరణాగతియగును. ఈశ్వరుడు సర్వజ్ఞుడు, సర్వనియంత. జీవుడు రేపు చేయబోవు పనిని ఆయన నేడే ఎరుగును, అంతర్యామియై ఆ పనిని నడపును. అట్లయినచో చేసినవాడు ఎవడు? పాపము ఎవనిది? పుణ్యము ఎవనిది? ఈ ప్రశ్నకు దక్షిణాపథమున వేయి సంవత్సరములకు పైగా సమాధానములు వెదకబడినవి.

ఈ చర్చ జరిగిన స్థలములను గమనించినచో, అవి ప్రవాసాంధ్రుల నివాసస్థలములే యగుట విశేషము. శృంగేరి, హంపి, మేలుకోట, ఉడుపి, శ్రీరంగము, కంచి, తంజావూరు, మధుర. విజయనగర కాలమునను, ఆ తరువాత నాయకరాజుల కాలమునను తెలుగు కుటుంబములు కావేరీ వైగై తీరముల వరకు వ్యాపించినవి. అవి వెంట తీసికొనిపోయినది భాష ఒక్కటియే కాదు. ఒక ఇంట విభూతి, ఒక ఇంట తిరుమణి, ఒక ఇంట గోపీచందనము. ఇంట మాట్లాడునది ఒకే తెలుగు. కాని నొసటి గుర్తు వేరు. ఆ గుర్తుల వెనుక నున్న భేదములలో ముఖ్యమైనదొకటి ఈ ప్రశ్నకు చెప్పుకొనిన సమాధాన భేదమే.

సూత్రకారుని నిర్ణయము

బాదరాయణుని బ్రహ్మసూత్రములలో రెండవ అధ్యాయము మూడవ పాదమున ఈ విచారణ రెండు మెట్లుగా సాగినది. మొదటిది కర్త్రధికరణము. జీవుడు నిజముగా కర్తయేనని అచ్చట నిర్ణయము. దానికి చూపిన ముఖ్యహేతువు మిక్కిలి సరళమైనది. చేయుమనియు, చేయవలదనియు శాస్త్రము శాసించుచున్నది. చేయుటకును మానుటకును శక్తిలేని వానిని శాసించుట వ్యర్థము. రాతిని చూచి నడువుమని ఎవరును చెప్పరు. కావున శాస్త్రము సార్థకము కావలెనన్నచో జీవునికి కర్తృత్వముండి తీరవలెను.

రెండవది పరాయత్తాధికరణము. జీవుని కర్తృత్వము స్వతంత్రమైనదా, పరమాత్మాధీనమైనదా అనునది అచ్చటి ప్రశ్న. పరమాత్మాధీనమేయని సమాధానము. బృహదారణ్యకములోని అంతర్యామి బ్రాహ్మణము దీనికి ఆధారము. కౌషీతకి ఉపనిషత్తు మరింత నిష్ఠురముగా, ఎవనిని పైకి గొనిపోదలచునో వానిచేత ఆయనయే మంచిపని చేయించుననియు, ఎవనిని క్రిందికి త్రోయదలచునో వానిచేత చెడుపని చేయించుననియు చెప్పినది. దుర్యోధనుడు వెదకుకొన్న ఆధారము ఇదియే కాబోలు ననిపించును.

అయితే సూత్రకారుడు అచ్చట ఆగలేదు. ఈశ్వరుడు జీవుడు చేసిన ప్రయత్నమును అపేక్షించియే నడపునని వెంటనే మరియొక సూత్రము చేర్చెను. లేనిచో విధినిషేధములు వ్యర్థములగును. ఈశ్వరునికి పక్షపాతము, క్రూరత్వము అను దోషములు అంటును. ఈ రెండు దోషములను అంతకుముందే, రెండవ అధ్యాయము మొదటి పాదమున, విచారించి పరిహరించియుండెను. ఒకడు సుఖియై, ఒకడు దుఃఖియై పుట్టుటకు ఈశ్వరుని ఇష్టాయిష్టములు కారణము కావు, వారివారి కర్మయే కారణమని అచ్చటి నిర్ణయము.

ఇట్లు మూడు వాక్యములు ఒకచోట చేరినవి. జీవుడు కర్త. ఆ కర్తృత్వము ఈశ్వరాధీనము. ఈశ్వరుడు జీవుని ప్రయత్నమును అపేక్షించును. ఇందు ఏ ఒక్కదానిని విడిచినను తక్కినవి నిలువవు. తరువాతి ఆచార్యుల శ్రమయంతయు ఈ మూడింటిని ఏకముగా నిలుపుటకే.

సర్వజ్ఞత్వము ఎందులకు?

పాశ్చాత్యదేశములలో ఈ ప్రశ్న సాధారణముగా భవిష్యజ్జ్ఞానమును గూర్చి ఉదయించినది. దేవుడు ముందే ఎరిగినది తప్పక జరుగవలెను. తప్పక జరుగునది స్వేచ్ఛగా చేసినదెట్లగును? అనునది వారి చిక్కు. ఆరవ శతాబ్ది ప్రారంభమున రోమక తత్త్వవేత్త బొయీథియస్ చెరసాలలో మరణశిక్షకై ఎదురుచూచుచు వ్రాసిన గ్రంథమున దీనికి సమాధానము చెప్పెను. దేవునికి భూతభవిష్యత్తులు లేవు. కాలమంతయు ఆయనకు ఒక్క వర్తమానమువలె గోచరించును. ఎదుట నడచిపోవుచున్న మనిషిని చూచుట ఆ నడకకు కారణము కానట్లు, దేవుని జ్ఞానమును మానవుని పనికి కారణము కాదు. ఇది ఆతని సమాధానసారము.

మన దర్శనములందు సర్వజ్ఞత్వ విచారము మరియొక ద్వారమున ప్రవేశించినది. బ్రహ్మసూత్రముల మూడవ అధ్యాయము రెండవ పాదమున ఫలాధికరణము కలదు. చేసిన పనికి ఫలమిచ్చువారెవరు? కర్మయే అపూర్వమను శక్తిరూపమున నిలిచి ఫలమిచ్చునని జైమిని మతము. ఫలదాత యగు ఈశ్వరునితో ఆ మతమునకు పనిలేదు. బాదరాయణుడు దీనిని అంగీకరింపలేదు. కర్మ జడము. చేసిన మరుక్షణమున నశించునది. ఎవడు ఏమి చేసెనో, ఎట్టి దేశమున, ఎట్టి కాలమున, ఎట్టి చిత్తముతో చేసెనో జడమునకు తెలియదు. ఇదియంతయు ఎరిగిన చేతనుడొకడు ఉండిననే కాని ఎవరి ఫలము వారికి చేరదు. కావున ఫలదాత సర్వజ్ఞుడై యుండవలెనని వేదాంతుల వాదము.

ఈ మలుపును జాగ్రత్తగా గమనింపవలెను. ఇచ్చట సర్వజ్ఞత్వము జీవుని కర్తృత్వమునకు శత్రువుగా రాలేదు. జీవుడు నిజముగా పనిచేయును గనుకనే, ఆ పని లెక్కకు రావలెను గనుకనే, దానిని సంపూర్ణముగా ఎరిగిన వాడొకడు కావలసివచ్చెను. మానవుని బాధ్యతకు ఈశ్వరుని సర్వజ్ఞత్వము సాక్ష్యముగా నిలిచినది. అట్టి సర్వజ్ఞత్వమును చూపి బాధ్యతను త్రోసిపుచ్చుట, సాక్షియుండుటచేతనే నేరము లేదనుట వంటిది.

ముగ్గురు ఆచార్యులు

శంకర భగవత్పాదుల మతమున జీవుని కర్తృత్వము ఉపాధివలన కలిగినది, స్వాభావికము కాదు. దీనికి సూత్రమునందే సూచింపబడిన వడ్రంగి దృష్టాంతమును వారు విప్పిచెప్పిరి. వడ్రంగి బాడిస మొదలగు పనిముట్లు చేతబట్టి పనిచేయునంతవరకు శ్రమపడును. వాటిని దింపి ఇంట కూర్చుండినపుడు సుఖముగా నుండును. అట్లే ఆత్మయు ఇంద్రియములను, బుద్ధిని ధరించినపుడు కర్త. వాటిని విడిచినపుడు శాంతము. వ్యవహారదశలో మాత్రము కర్తృత్వమును, విధినిషేధములును పూర్తిగా చెల్లును. ఈశ్వరుని సాపేక్షతకు వారు చూపిన దృష్టాంతము వాన. వాన అన్ని చేలమీద సమానముగా కురియును. వరి వరిగాను, యవలు యవలుగాను మొలచుటకు విత్తనములు కారణము. వాన లేనిదే ఏ మొలకయు లేదు. అయినను ఏ మొలక యేదియగునో నిర్ణయించునది వాన కాదు.

రామానుజాచార్యులు శ్రీరంగమునను, మేలుకోటలోను ప్రవచించిన విశిష్టాద్వైతమున జీవుడు నిత్యుడు, నిజమైన జ్ఞాత, నిజమైన కర్త. కావున వారికి ఈ చిక్కు మరింత తీవ్రమైనది. శ్రీభాష్యమున వారు ఇచ్చిన ఉపమానము న్యాయస్థానమునకు తగినది. ఒక ఆస్తి ఇద్దరికి ఉమ్మడిగా నున్నది. దానిని అన్యునకు ఇవ్వదలచిన భాగస్వామి రెండవవాని అనుమతి లేక ఇవ్వజాలడు. అయినను ఇచ్చుటకు తలపెట్టినవాడు, అనుమతి కోరినవాడు మొదటివాడే కనుక దానఫలము మొదటివానిదే. అట్లే జీవుడు ముందు సంకల్పించును. అంతర్యామియైన ఈశ్వరుడు అనుమతించును. ఆ అనుమతితో పని జరుగును. ఫలము సంకల్పించిన వానిది. గీతాభాష్యమున పదునెనిమిదవ అధ్యాయ వ్యాఖ్యలో మరియొక దృష్టాంతము కలదు. గొప్ప బండను, మహావృక్షమును పలువురు కూడి కదల్తురు. పనికి పలువురు కారణములైనను వారిలో ప్రతివాడును కారణమే, ప్రతివాడును విధినిషేధములకు పాత్రుడే.

కౌషీతకి వాక్యమునకు రామానుజులు చెప్పిన అర్థము మనోహరము. తన అనుకూల్యమునందు దృఢముగా నిలిచిన వానికి భగవంతుడు మంచిపనులయందు రుచి కలిగించును. ప్రాతికూల్యమునందు పట్టుదలతో నిలిచిన వానికి అధోగతి మార్గమునందే రుచి కలిగించును. అనగా దుర్యోధనుని హృదయమున కూర్చుండి నడపినది ఈశ్వరుడే కావచ్చును. కాని ఆ దారి పట్టుటకు మొదటి అడుగు వేసినది దుర్యోధనుడు.

మధ్వాచార్యులు (1238–1317) సమస్త తత్త్వములను స్వతంత్రము, అస్వతంత్రము అని రెండుగా విభజించిరి. స్వతంత్రుడు విష్ణువొక్కడే. ఇంత నిష్కర్షగా చెప్పినవారు జీవుని కర్తృత్వమును కొట్టివేయుదురని తలచుట సహజము. కాని వారును కొట్టివేయలేదు. వడ్రంగి దృష్టాంతమునే వారు వేరొక విధముగా చదివిరి. వడ్రంగి పని చేయించు యజమానుని ఆజ్ఞకు లోబడినవాడు. అయినను చెక్కువాడు వడ్రంగియే. అట్లే ఈశ్వరుడు చేయించువాడు, జీవుడు చేయువాడు. ఒక్క సూత్రమునందలి ఒక్క వడ్రంగి ఒకచోట విశ్రాంతికి, ఒకచోట సేవకు గురుతైనాడు. మధ్వమతమున ఈశ్వరుడు జీవుని అనాదికర్మను, ప్రయత్నమును, వాని స్వరూపమునందే యున్న యోగ్యతను అపేక్షించి నడపును.

ఈ మతము తెలుగుదేశమునకు త్వరగానే వచ్చినది. మధ్వుల శిష్యులైన నరహరితీర్థులు కళింగ గాంగరాజుల రాజ్యమున ఉన్నతాధికారము వహించిరి. శ్రీకూర్మ క్షేత్రమున 1281 నాటి వారి శాసనము కలదు. తెలుగు, ఓఢ్ర సీమల సరిహద్దున ద్వైతమతము వేరూనుటకు వారు ముఖ్యకారకులు.

పురుషకార రూపుడైన ఈశ్వరుడు

విజయనగర రాజ్యారంభకాలమున ఈ ప్రశ్న మరల తలయెత్తినది. విద్యారణ్యుల పేర ప్రసిద్ధమైన పంచదశిలో ఆరవదైన చిత్రదీప ప్రకరణమున, దుర్యోధనుని పేర చెప్పబడు ఆ శ్లోకమే ఉదాహరింపబడినది. ఈశ్వరుడు సర్వభూతముల హృదయమునందుండి యంత్రమునెక్కిన బొమ్మలవలె త్రిప్పుచున్నాడన్న గీతావాక్యమును వ్యాఖ్యానించు సందర్భమది. ఆ వెంటనే గ్రంథకర్త ఒక శంకను తానే లేవనెత్తెను. ఇట్లయినచో పురుషప్రయత్నముతో పనిలేదు కదా? అట్లు శంకింపవలదని ఆయన సమాధానము. ఏలయన ఆ పురుషప్రయత్నముగా పరిణమించి కనబడుచున్న వాడును ఈశ్వరుడే.

ఈ సమాధానము చిన్నదైనను లోతైనది. ఈశ్వరుడొకచోట, ప్రయత్నమొకచోట నిలిచి పోటీపడుట లేదు. మనుజుడు ఉదయమున లేచి పనికి పూనుకొనుటలో నున్న పూనికయే ఈశ్వరుని ఒక రూపము. ఆ పూనికను విడిచి ఈశ్వరునికై ఎదురుచూచువాడు వచ్చిన ఈశ్వరుని గుమ్మమున నిలిపినవాడగును. గీతలో శ్రీకృష్ణుడును యంత్రదృష్టాంతమును చెప్పిన వెంటనే, ఇదియంతయు లెస్సగా విమర్శించి నీకు తోచినట్లు చేయుమని అర్జునునికే విడిచిపెట్టెను. యంత్రమునెక్కిన బొమ్మకు అట్టి మాట చెప్పుట పొసగదు.

కోతిపిల్ల, పిల్లిపిల్ల

రామానుజుల అనంతరము శ్రీవైష్ణవమున ఈ ప్రశ్న కృపను గూర్చిన వివాదముగా మారినది. శ్రీరంగమున పిళ్ళైలోకాచార్యులును, కంచి ప్రాంతమున జన్మించి శ్రీరంగమున నివసించిన వేదాంతదేశికులును రెండు ధోరణులకు మూలపురుషులుగా ఎన్నబడిరి. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకొనును; తల్లి మోయును. పిల్లిపిల్ల ఏమియు చేయదు. తల్లియే నోట కరచుకొని తీసికొనిపోవును. భగవంతుని రక్షణకు జీవుని వైపునుండి ఒక చిన్న పట్టు, ఒక నెపమైనను, కావలెనని వడగలవారు. అట్టిది కావలెననుటయే కృపకు కొరత చేయుటయని తెంగలవారు. మర్కటన్యాయ మార్జాలన్యాయములను పేర్లతో ఇది లోకప్రసిద్ధము.

తెలుగు శ్రీవైష్ణవులు ఈ రెండు పక్షములందును కలరు. అహోబిలమఠము వడగల సంప్రదాయమునకు పట్టుకొమ్మ. తిరుమల జీయరు మఠము తెంగల సంప్రదాయమునకు చెందినది. వేదాంతదేశికులు రాచకొండ ప్రభువైన సింగభూపాలునికై సుభాషితనీవిని రచించి పంపిరని సంప్రదాయము చెప్పుచున్నది. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో చెప్పిన మాలదాసరి కథ ఈ తత్త్వమునకు తెలుగున వెలసిన చక్కని నిదర్శనము. బ్రహ్మరాక్షసుని చేత చిక్కిన దాసరి, కురుంగుడి స్వామికి పాట పాడి తిరిగివచ్చెదనని మాట ఇచ్చి పోవును. పాడిన పిమ్మట పారిపోవుటకు దారి ఎదుటనే యున్నది. అయినను మాట తప్పక తిరిగివచ్చును. ఆ రాక్షసుడు ఒక్క పాట ఫలమైనను దానమిమ్మని వేడుకొని, తన పూర్వకర్మ ఫలమైన రాక్షసత్వమునుండి విముక్తుడగును. కర్మఫలము, స్వేచ్ఛగా నిలుపుకొన్న మాట, కృప, ఈ మూడును ఆ ఒక్క కథలో కలిసి నడచినవి.

కాలక్రమమున ఈ తాత్త్విక భేదము తిరునామముల ఆకృతిని గూర్చి, ఆలయములందలి పారాయణపు హక్కులను గూర్చి తగవులకు దారితీసి, కాంచీపురము వంటి క్షేత్రములనుండి న్యాయస్థానముల వరకు పోయినది. ఆ వ్యాజ్యములలో మూలప్రశ్న మరుగునపడినది. పిల్లలిద్దరిని మోయు తల్లి ఒక్కతెయేయన్న మాట ఉభయపక్షములవారును విస్మరించిరి.

నాయకరాజుల సభలలో

వాదము ఎల్లప్పుడును కలహముగానే యుండలేదు. తంజావూరు నాయకరాజ్య స్థాపకుడైన శేవప్పనాయకుని కాలమునకు చెందిన 1580 నాటి తామ్రశాసనము ముగ్గురు పండితులను పేర్కొన్నది. ద్వైతి విజయీంద్రతీర్థులు, విశిష్టాద్వైతి తాతాచార్యులు, శైవాద్వైతి అప్పయ్యదీక్షితులు. వీరు మూడు యజ్ఞాగ్నులవలె ఒక సభను ప్రకాశింపజేసిరని అందలి వర్ణన. పరస్పరము ఖండన గ్రంథములు వ్రాసికొన్న వారికి తెలుగు నాయకుని సభ సమానముగా ఆసనములిచ్చినది.

ఇంచుమించు ఆ కాలముననే ఐరోపాలో ఇదే ప్రశ్న క్రైస్తవ మతాచార్యులను కలచివేయుచుండెను. జెసూయిట్ సంఘమునకు చెందిన లూయిస్ డి మోలినా 1588లో ప్రకటించిన గ్రంథమున, ఏ జీవుడు ఏ పరిస్థితిలో స్వేచ్ఛగా ఏమి చేయునో దేవుడు తన సంకల్పమునకు ముందే ఎరుగుననియు, అందుచే ఆయన ఏర్పాటు మానవుని స్వేచ్ఛను చెరుపదనియు వాదించెను. డొమినికన్ సంఘమువారు దీనివలన దేవుని కృపకు న్యూనత కలుగునని ఎదిరించిరి. రోమునందు ఏండ్లతరబడి విచారణ జరిగినది. తుదకు 1607లో పోప్ ఐదవ పాల్, ఒక పక్షమును మరియొక పక్షము దూషింపరాదని చెప్పి, తీర్పు ఇయ్యకయే సభను ముగించెను.

ఆ తీర్పులేని తీర్పుకు ఒక సంవత్సరము ముందు, 1606లో, ఆ జెసూయిట్ సంఘమువాడే యైన రాబర్టో డి నోబిలి నాయకరాజుల మధురకు వచ్చి సన్న్యాసివేషమున నివసింపసాగెను. ఆయన తమిళ సంస్కృతాంధ్ర భాషలను అభ్యసించెను. పునర్జన్మ సిద్ధాంతమును ఖండించుచు తమిళమున గ్రంథము వ్రాసెను. జెసూయిట్, డొమినికన్ వాదమును, వడగల తెంగల వాదమును ఒకదానినొకటి ఎరుగకయే ఒక్క చిక్కుముడిని రెండు కొసలనుండి లాగుచుండినవి. కృపను గూర్చిన హైందవ క్రైస్తవ భావములను జర్మన్ పండితుడు రుడాల్ఫ్ ఆటో 1930లో ఒక గ్రంథముగా పోల్చిచూపెను. మధురలో ఆ రెండు ధారలును అంతకు మూడువందల యేండ్లకు పూర్వమే ఒక్క ఊర నివసించినవి.

వల్లభాచార్యులు, త్యాగరాజస్వామి

స్వదేశమును విడిచిన తెలుగు కుటుంబమునుండి ఈ ప్రశ్నకు మరియొక సమాధానము వెలువడినది. వెలనాటి వైదిక కుటుంబమునకు చెందిన లక్ష్మణభట్టు దంపతులకు 1479లో, నేటి ఛత్తీస్‌గఢ్‌లోని చంపారణ్యమున జన్మించిన వల్లభాచార్యులు శుద్ధాద్వైత ప్రవర్తకులైరి. వారి అణుభాష్యము పరాయత్తాధికరణము కడ నాలుగు మెట్లు చూపును. ఫలమిచ్చుటలో ఈశ్వరుడు కర్మను అపేక్షించును, కర్మ చేయించుటలో ప్రయత్నమును, ప్రయత్నమునందు కోరికను, కోరికయందు లోకప్రవాహమును. ఇది మర్యాదామార్గము. ఈశ్వరుడే ఈ ఏర్పాటు చేసెను కనుక దీనికి లోబడుటచే ఆయన ఈశ్వరత్వమునకు లోపము లేదు. ఈ ఏర్పాటును దాటి ఆయన ప్రసాదించునది పుష్టి, అనగా అనుగ్రహము. తెలుగుగడ్డకు దూరముగా, గోవర్ధన ప్రాంతమునుండి ఘూర్జర మహారాష్ట్రముల వరకు ఈ పుష్టిమార్గము ప్రబలినది.

కావేరీతీరమున తిరువయ్యారులో నివసించిన త్యాగరాజస్వామి (1767–1847) భాష్యకారుడు కాడు. అయినను ఆయన రచించిన నౌకాచరిత్రము అను యక్షగానమున ఈ తత్త్వమే కథారూపము దాల్చినది. కృష్ణునితో నావయెక్కిన గోపికలు తమ నేర్పుననే అంతయు సాగుచున్నదని గర్వింతురు. గాలివాన వచ్చును, నావకు చిల్లి పడును. గర్వము కరిగి శరణన్నపుడు నావ గట్టు చేరును. నావ నడుపుట తప్పని ఆ కథ చెప్పలేదు. నడుపుచున్నది తామొక్కరమే యనుకొనుట తప్పని చెప్పినది. దుర్యోధనుని పొరపాటునకు ఇది సరిగా ఎదుటి పొరపాటు. ఆతడు చేసినదంతయు దేవునిపై వేసెను. గోపికలు దేవుడు చేసినదంతయు తమపై వేసికొనిరి.

శేషించిన చిక్కు

ఈ సమాధానములన్నియు చిక్కును పూర్తిగా విప్పినవని చెప్పుటకు వీలులేదు. నేటి భేదమునకు నిన్నటి కర్మ కారణమన్నచో నిన్నటి భేదమునకు మొన్నటి కర్మ. మొట్టమొదటి భేదమెట్లు వచ్చెనన్నచో సంసారము అనాదియని, విత్తునకును మొలకకును మొదలు లేనట్లేయని సమాధానము. అనాదియనుట ప్రశ్నను వెనుకకు జరుపునే కాని తీర్చదని ఆక్షేపించువారు ప్రాచీనకాలమునను కలరు, నేడును కలరు. మధ్వమతమునందలి స్వరూపయోగ్యత విషయమై, కొందరు జీవులు స్వభావముననే తమస్సునకు యోగ్యులైనచో వారి తప్పేమియను ప్రశ్న కలదు. రామానుజమతమున జీవుని మొదటి సంకల్పమునకు ఈశ్వరుడు ఉదాసీనుడన్నచో సర్వనియంతృత్వమునకు భంగము కాదాయను ప్రశ్న కలదు. అద్వైతమున కర్తృత్వమే పరమార్థము కానిచో ముక్తికై ప్రయత్నించునది ఎవరను ప్రశ్న కలదు. ఆయా సంప్రదాయముల టీకాకారులు వీనికి సమాధానములు వ్రాయుచునే వచ్చిరి.

అయినను ఆచరణకు సంబంధించినంతవరకు రెండు విషయములలో వీరందరును ఏకకంఠులు. ఈ రెండును ప్రతిగృహమునకును అవసరమైనవి.

మొదటిది, తన తప్పును దేవునిపై వేయరాదు. వాన కురిసెనని ముండ్లచెట్టు తన ముండ్లకు వానను నిందింపజాలదు. ఉమ్మడి ఆస్తిని దుర్వ్యయము చేసిన భాగస్వామి, రెండవవాడు అనుమతించెను గదాయని తప్పించుకొనజాలడు. చెక్క చెడగొట్టిన వడ్రంగి యజమానుని చూపజాలడు. మువ్వురు ఆచార్యుల మూడు దృష్టాంతములును దుర్యోధనునికి ఒక్క సమాధానమునే ఇచ్చుచున్నవి.

రెండవది మరింత సున్నితమైనది. ఒక ఇంట అకాలమరణము సంభవించినపుడు, ఒక బిడ్డ వైకల్యముతో పుట్టినపుడు, ఒక స్త్రీ భర్తను కోల్పోయినపుడు, అది వారి పూర్వజన్మకర్మయని ఇరుగుపొరుగువారు తేలికగా పలుకుట మన సంఘమున చిరకాలముగా నున్న వాడుక. శాస్త్రము చెప్పినట్లే పలుకుచున్నామని వారి విశ్వాసము. కాని ఫలాధికరణము చెప్పినది వేరు. ఎవని కర్మ ఏదియో, దాని ఫలమేదియో ఎరుగుటకు సర్వజ్ఞుడే కావలెను. మరియొకరికి అది శక్యము కాదు. అందులకే గదా అచ్చట ఈశ్వరుని సర్వజ్ఞత్వము అవసరమైనది! సర్వజ్ఞుడు కాని మనుజుడు ఎదుటివాని దుఃఖమునకు కారణము చెప్ప పూనుకొనుట తనది కాని పీఠమున కూర్చుండుట. కర్మసిద్ధాంతము తన నడతను తాను దిద్దుకొనుటకు ఏర్పడినది. ఎదుటివాని గాయమును కెలకుటకు ఏర్పడినది కాదు. అట్టి సమయమున మనుజునికి తెలిసిన కర్తవ్యము ఒక్కటియే, చేయూత నిచ్చుట. ఆ చేయూతయు పురుషప్రయత్నమే. పంచదశి చెప్పినట్లు అదియును ఈశ్వరుని రూపమే.

తెలుగువారు ఏ నదీతీరమున స్థిరపడినను, నొసట ఏ గుర్తు ధరించినను, వారి పితామహులు వెంట తెచ్చుకొన్న ఆస్తులలో ఈ విచారణ యొకటి. భూములు చేతులు మారినవి. ఇంటిభాష కొన్నిచోట్ల సన్నగిల్లినది. కాని పాండవగీత పారాయణమున దుర్యోధనుని శ్లోకము వచ్చినపుడు, పెద్దలు ఒక్క నిమిషమాగి, ఆ మాటకు మన ఆచార్యులు ఏమని బదులు చెప్పిరో పిల్లలకు తెలుపుట నేటికిని సాధ్యమే. అట్లు తెలుపుటయో మానుటయో వారి చేతిలోనిదే.